ఏడో చొక్కా

1980ల మొదట్లో మాట. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌కి దగ్గర్లో ఉన్న మాకిల్స్‌ఫీల్డ్‌లో ఒక డాక్టరు గారింట్లో రోజూ ఒకటే గొడవ. స్నానం చేశావా అని ఆవిడ, చేశానని ఆయన. మళ్లీ చెయ్యమని ఆవిడ, పొద్దున్నే చేశాను కదా అని ఆయన. పళ్లు సరిగా తోముకున్నావా అనే దాకా వెళ్లేది వ్యవహారం. ముప్ఫై దాటిన మనిషిని, అదీ డాక్టర్ని, బడికెళ్లే పిల్లాణ్ని అడిగినట్టు అడిగితే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు?

ఆవిడ పేరు జాయ్ మిల్న్. నర్సు. ఆయన లెస్ మిల్న్. మత్తు డాక్టరు. ఆపరేషన్ బల్ల మీదున్న మనిషి ఊపిరిలోకి ఏ వాయువు ఎంత పోతోందో కనిపెట్టుకుని కూర్చోవడమే ఆయన ఉద్యోగం. ఇద్దరూ స్కాట్లాండ్ వాళ్లు. పదహారేళ్ల వయసు నుంచీ ఒకరికొకరు తెలుసు. అతని ఒంటి వాసన తనకు మొదటి నుంచీ ఇష్టమని, కస్తూరి లాంటి హాయైన వాసనని జాయ్ తర్వాత చాలామంది విలేకరులకు చెప్పింది. ముగ్గురు కొడుకులు పుట్టారు. సంసారం సాఫీగానే నడుస్తోంది. ఉన్నట్టుండి ఆ పాత వాసన మీద ఇంకోటి వచ్చి కూర్చుంది. పిండి పులిసినట్టు, ముక్కిన బట్టల మూటలా, జిడ్డుగా. ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. ఇంకెవరికీ రావడం లేదు.

ఇంకెవరికీ రాకపోవడంలో వింత లేదు. జాయ్ ముక్కు మామూలు ముక్కు కాదు. మనకు గదిలో ఉన్నా అందని వాసనలు ఆమెకు గుమ్మంలోనే తగులుతాయి. ఇలాంటి ఘ్రాణశక్తి బహు కొద్దిమందికే ఉంటుంది. ఉన్నవాళ్లకు అదేమంత సుఖమూ కాదు. బస్సులో, బజార్లో, పెళ్లిలో పదిమంది అత్తర్లూ ఒక్కసారే మీద పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఈ సంగతి లెస్‌కీ తెలుసు. తెలిసినా, రోజూ నీ దగ్గర కంపు కొడుతోందంటే పడాలా? పడలేదు. కొన్నాళ్లకు ఆమే ఆ మాట ఎత్తడం మానేసింది. వాసన మాత్రం ఎక్కడికీ పోలేదు.

తర్వాత మనిషి మారడం మొదలైంది. నెమ్మదస్తుడు కాస్తా చిన్నవాటికి చిరాకు పడుతున్నాడు. నవ్వు తగ్గింది. పని నుంచి వచ్చేసరికి నీరసించి పోతున్నాడు. ఒక రాత్రి నిద్రలోనే భార్యను పట్టుకుని కుదిపేశాడు, కేకలు పెట్టాడు. తెల్లారాక అడిగితే అతనికేమీ గుర్తులేదు. మెదడులో గడ్డేమోనని జాయ్ భయపడింది. డాక్టర్లకు చూపిస్తే గడ్డ కాదన్నారు, పార్కిన్సన్స్ అన్నారు. అప్పటికి లెస్ వయసు 45కి అటూఇటు. వాసన మొదలై దాదాపు పన్నెండేళ్లు.

పార్కిన్సన్స్ అంటే మనవైపు వణుకుడు జబ్బు అంటారు. ఆయుర్వేదంలో కంపవాతం. లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఆరుగురు రోగుల గురించి ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆ ఆరుగురిలో కొందరు ఆయన వీధిలో నడుస్తూ చూసినవాళ్లే. అప్పటి నుంచి ఇప్పటి దాకా ఈ జబ్బు నిర్ధారణ ముఖ్యంగా చూపు మీదే నడుస్తోంది. చెయ్యి వణుకుతోందా, నడకలో కాళ్లు ఈడుస్తున్నాడా, ముఖంలో కదలిక తగ్గిందా అని డాక్టరు కళ్లతో చూసి తేలుస్తాడు. చిక్కంతా అక్కడే. మెదడు అడుగున డోపమైన్ తయారుచేసే కణాలు సగానికి సగం పోతే గాని వణుకు బయటపడదు. కంటికి కనబడేసరికి జబ్బు లోపల ఏళ్ల తరబడి కాపురం చేసి ఉంటుంది.

మందు లేదని కాదు. డోపమైన్ లోటును కొంత పూడ్చే లెవోడోపా ఉంది. 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు దాన్ని మన దూలగొండి గింజల నుంచి వేరుచేశారు. అప్పటికి ఈ జబ్బుకు అది పనికొస్తుందని ఎవరికీ తెలియదు. రోగులకు మందుగా ఇవ్వడం 1960లలో గాని మొదలు కాలేదు. అది వణుకును, బిగువును తగ్గిస్తుంది. కణాలు చచ్చిపోవడాన్ని మాత్రం ఆపదు.

లెస్ ఉద్యోగం వదిలేశాడు. దంపతులిద్దరూ స్కాట్లాండ్‌కి, పెర్త్ అనే ఊరికి తిరిగొచ్చేశారు.

అక్కడ పార్కిన్సన్స్ రోగులూ వాళ్ల కుటుంబాలూ అప్పుడప్పుడు ఒకచోట కలుసుకుని కష్టసుఖాలు చెప్పుకునేవారు. ఇద్దరూ ఆ సమావేశానికి వెళ్లారు. గదిలో అడుగు పెట్టిందో లేదో, ఆ వాసన గుప్పుమంది. ఇంట్లో ఒక్క మనిషి దగ్గర పాతికేళ్లుగా వస్తున్న వాసన ఇక్కడ గదంతా నిండి ఉంది. చలిదేశం కాబట్టి వచ్చినవాళ్లు కోట్లు విప్పి తగిలిస్తారు. ఆ కోట్ల దగ్గర వాసన, ఆ కుర్చీ దగ్గర వాసన. పలకరించడానికి దగ్గరికొచ్చిన పెద్దాయన దగ్గర కొంచెం, ఆ పక్కన కూర్చున్నావిడ దగ్గర ఇంకాస్త ఎక్కువ. రోగుల భార్యల దగ్గర, భర్తల దగ్గర మాత్రం లేదు.

నర్సుగా ఎన్ని వార్డులు తిరిగి ఉంటుందో, ఎన్ని జబ్బుల వాసనలు చూసి ఉంటుందో. ఈ వాసన లెస్‌ది అనుకుంది ఇన్నాళ్లూ. కాదు, జబ్బుది. ఇంటికొచ్చాక మొగుడికి చెప్పింది. ఇద్దరూ వైద్యం తెలిసినవాళ్లు. దాని అర్థమేమిటో ఒకరికొకరు విడమరిచి చెప్పుకోవలసిన పని లేదు. వణుకు రాకముందు పన్నెండేళ్ల పాటు జబ్బు తన రాకను చెబుతూనే ఉంది. వినవలసింది ముక్కుతో.

2012లో ఎడిన్‌బరోలో టీలో కునాథ్ అనే శాస్త్రవేత్త పార్కిన్సన్స్ మీద సామాన్య జనానికి ఒక ప్రసంగం చేశారు. మూలకణాల మీద పనిచేసే మనిషి. చివర్లో ప్రశ్నలడగమంటే జాయ్ లేచింది. పార్కిన్సన్స్ వాసనను పట్టుకుని జబ్బును ముందుగా ఎందుకు కనిపెట్టకూడదని అడిగింది. ఆయనకు అర్థం కాలేదు. ఈ జబ్బు వచ్చినవాళ్లకు చాలా ముందుగానే వాసనలు తెలియకుండా పోతాయి. అందరికీ తెలిసిన లక్షణం అది. ఆవిడ దాని గురించి అడుగుతోందనుకున్నారు. కాదు, రోగులకు వాసన తెలియకపోవడం గురించి కాదు, రోగుల నుంచి వచ్చే వాసన గురించి అంది. ఆయన దగ్గర జవాబు లేదు. ప్రసంగం ముగిసింది, ఎవరి దారిన వాళ్లు పోయారు.

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. మీటింగుల్లో చివర లేచి వింత ప్రశ్నలడిగే మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. అయితే ఆ ప్రశ్న ఆయన్ని వదల్లేదు. కొన్ని నెలల తర్వాత తోటి శాస్త్రవేత్త ఒకరితో మాటల్లో ఈ సంగతి చెబితే, కుక్కలు క్యాన్సర్‌ను వాసన పట్టగా లేంది మనిషి పట్టకూడదా, వెళ్లి ఆవిణ్ని వెతుక్కో అని గట్టిగా చెప్పారట. వెతికారు. పెర్త్‌లో దొరికింది.

ఇక పరీక్ష. పన్నెండు మందికి పన్నెండు టీషర్టులు ఇచ్చారు. ఆరుగురు పార్కిన్సన్స్ రోగులు, ఆరుగురు ఏ జబ్బూ లేనివాళ్లు. ఒక రోజంతా తొడుక్కుని విప్పమన్నారు. విప్పినవాటిని విడివిడిగా సంచుల్లో పెట్టి, పేర్లు తీసేసి, గుర్తులేసి జాయ్ ముందుంచారు.

ఆమె ఒక్కో సంచీ తెరిచింది. వాసన చంకల దగ్గర ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. చెమట పట్టేది అక్కడ కదా. ఆమె మాత్రం కాలరు దగ్గరా, మెడ వెనకా, వీపు పైభాగం తగిలే చోటా ఆగింది. అది ముఖ్యమైన సంగతి, మళ్లీ దాని దగ్గరికి వద్దాం. ఒక్కో చొక్కాకూ ఉంది, లేదు అని చెబుతూ పోయింది. కొన్నిటికి ఎంత గాఢంగా ఉందో కూడా చెప్పింది. అన్నీ అయ్యాక గుర్తులు విప్పి చూశారు. రోగుల చొక్కాలు ఆరూ సరిగ్గా పట్టింది. జబ్బు లేనివాళ్లవి అయిదు సరిగ్గా చెప్పింది. ఆరో మనిషి చొక్కాకు మాత్రం వాసన ఉందంది. అంటే ఆమె లెక్కలో రోగుల చొక్కాలు ఏడు.

పన్నెండింట పదకొండు. ఏ పరీక్షకైనా గొప్ప మార్కులే. శాస్త్రవేత్తలు సంతోషించారు. ఒకటి పోతే పోయింది లెమ్మన్నారు. జాయ్ ఒప్పుకోలేదు. ఆ చొక్కాకు వాసన ఉందంటే ఉంది, తాను పొరబడలేదంది. అవతలి మనిషికేమో ఏ వణుకూ లేదు, ఏ బాధా లేదు. ఆరోగ్యవంతుడని వాళ్లే ఎంచుకున్న మనిషి. ఇంక వాదించుకోవడానికి ఏముంది?

ఎనిమిది నెలలు గడిచాయి. ఆ మనిషి నుంచే కబురొచ్చింది. డాక్టర్లు పార్కిన్సన్స్ అని తేల్చారట.

ఈ ఒక్క చొక్కా సంగతి తెలిశాక కునాథ్ బృందం దీన్ని కాలక్షేపంగా చూడటం మానేసింది. ఆ వ్యక్తి గురించి నాకొక ఆలోచన పోదు. ఆ ఎనిమిది నెలలూ ఆయన తన పనులు తాను చేసుకుంటూ తిరుగుతూనే ఉండి ఉంటాడు. తన చొక్కా గురించి ఒక గదిలో వాదన నడిచిందని ఆయనకేం తెలుసు!

లెస్ మిల్న్ 2015లో పోయాడు. ఈ పనిని వదలకూడదని కన్నుమూసే ముందు తన దగ్గర మాట తీసుకున్నాడని జాయ్ చెబుతుంది.

ఇక్కడి నుంచి కథ మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి మారుతుంది. పెర్డిటా బారన్ అనే రసాయన శాస్త్ర ప్రొఫెసర్ చేతిలోకి వచ్చింది పని. జాయ్ పట్టిన వాసనలో ఏ రసాయనాలున్నాయో పేర్లతో సహా తేల్చాలి. కాలరు సంగతి ఇక్కడ పనికొచ్చింది. మెడ వెనకా వీపు పైభాగంలోనూ చర్మం కింద నూనె గ్రంథులు ఎక్కువ. అంటే వాసన చెమటలో లేదు, చర్మపు జిడ్డులో ఉంది. పార్కిన్సన్స్ వచ్చినవాళ్ల చర్మం జిడ్డు ఎక్కువగా ఊరుతుందని డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలుసు. ఆ జిడ్డుకు వాసన ఉంటుందేమోనని మాత్రం ఎవరికీ తోచలేదు. రోగుల వీపును దూది గుడ్డతో తుడిచి నమూనాలు తీసుకోవడం మొదలుపెట్టారు. సూది లేదు, రక్తం లేదు.

తుడిచిన గుడ్డను వేడిచేస్తే జిడ్డులోని రసాయనాలు ఆవిరై గాల్లోకి లేస్తాయి. ఆ గాలిని సన్నటి పొడుగాటి గొట్టంలోకి పంపిస్తారు. తేలిక అణువులు ముందు, బరువైనవి వెనక, ఒకదాని తర్వాత ఒకటిగా అవతలి కొసకు చేరతాయి. ఆ కొసను రెండుగా చీల్చారు. ఒక పాయ అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పోతుంది. రెండో పాయ గాజు గరాటు లాంటి దానిలోంచి బయటికొస్తుంది. ఆ గరాటుకు ముక్కు ఆనించి జాయ్ కూర్చుంది. ఒక్కో అణువూ విడివిడిగా ఆమె ముక్కు ముందు నుంచి సాగిపోతోంది. తనకు తెలిసిన వాసన తగలగానే చెప్పాలి, అంతే.

నిమిషాలు గడుస్తున్నాయి. పదిహేను, పదహారు. రకరకాల వాసనలు వచ్చి పోతున్నాయి. పంతొమ్మిదో నిమిషానికీ ఇరవై ఒకటో నిమిషానికీ మధ్య ఆ వాసన వచ్చింది. మాకిల్స్‌ఫీల్డ్ ఇంట్లో వచ్చిందే.

ఆ రెండు నిమిషాల్లో ఏయే అణువులు బయటికొచ్చాయో యంత్రంలో రాసే ఉంటుంది. అరవై మందికి పైగా నమూనాలతో సరిచూసుకుని 2019 మార్చిలో ఫలితాలు ప్రకటించారు. నాలుగు పేర్లు బయటపడ్డాయి. ఐకోసేన్, ఆక్టాడెకనాల్, హిప్పూరిక్ ఆమ్లం రోగుల్లో ఎక్కువగా ఉన్నాయి. పెరిల్లిక్ ఆల్డిహైడ్ తక్కువగా ఉంది. 2022లో 79 మంది రోగులనూ 71 మంది ఆరోగ్యవంతులనూ పోల్చి, తుడిచిన నమూనా నుంచి మూడు నిమిషాల్లో కొలత తీసే పద్ధతి కూడా చూపించారు. అయితే ఆ మూడు నిమిషాల యంత్రం ఒక గదిని ఆక్రమిస్తుంది. దాన్ని నడపడానికి చదువుకున్న మనిషి కావాలి. మండల కేంద్రంలో ఉన్న ఆసుపత్రికి తెచ్చి పెట్టేది కాదు. అలా తెచ్చిపెట్టాలంటే కావలసింది చిన్న వాయు సెన్సార్, చవకైన యంత్రపు ముక్కు.

యంత్రపు ముక్కు చరిత్రకు ఆ ఇంటి గొడవతో ఒక చిత్రమైన సంబంధం ఉంది. అదే దేశంలో, అవే రోజుల్లో, 1982లో వార్విక్ విశ్వవిద్యాలయంలో కృష్ణ పెర్సాడ్, జార్జ్ డాడ్ అనే ఇద్దరు మొట్టమొదటి ఎలక్ట్రానిక్ ముక్కును నేచర్ పత్రికలో ప్రకటించారు. దానికి వాళ్లు వాడినవి బజార్లో దొరికే సెన్సార్లే. జపాన్‌లో గ్యాస్ బండలు ఇంటింటికీ వచ్చాక లీకై పేలిపోవడం చూసి నావోయోషి తగుచి అనే ఆయన 1962లో టిన్ ఆక్సైడ్‌తో ఒక సెన్సార్ కనిపెట్టి పేటెంట్‌కి దరఖాస్తు చేశాడు. ఈ రోజు మన వంటింటి గోడకు తగిలించుకునే గ్యాస్ లీక్ అలారంలో ఎక్కువగా ఉండేది ఆ జాతిదే.

అది పనిచేసే తీరు చూడటానికి సులువే. టిన్ ఆక్సైడ్ పొరను కొన్ని వందల డిగ్రీలకు వేడిచేసి ఉంచుతారు. గాల్లోని ఆక్సిజన్ వచ్చి దాని మీద అతుక్కుని పొరలోని ఎలక్ట్రాన్లను పట్టి ఉంచుతుంది. కరెంటు పారడం కష్టమవుతుంది. గ్యాసో, సారాయి ఆవిరో వచ్చిందంటే ఆ ఆక్సిజన్‌తో కలిసి మండిపోతుంది. ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి, కరెంటు సులువుగా పారుతుంది, అలారం మోగుతుంది. వచ్చింది ఎవరన్నది మాత్రం దానికి అక్కర్లేదు. వంటగ్యాసైనా, పెర్‌ఫ్యూమైనా, పోపులో మాడిన నూనె పొగైనా మోగుతుంది. పెర్సాడ్, డాడ్‌ల తెలివంతా ఇక్కడే ఉంది. ఒక్క సెన్సార్ పేరు చెప్పలేకపోతే, తలా ఒక రకంగా స్పందించే మూడు సెన్సార్లను పక్కపక్కన పెట్టి, మూడూ కలిపి చెప్పే పోలికను గుర్తుపట్టొచ్చు అన్నారు. మన ముక్కులో అలాంటి గ్రాహకాలు దాదాపు 400 రకాలున్నాయి.

వాసన చూసే యంత్రం మనకు బాగా తెలిసింది ఇంకొకటుంది. శనివారం రాత్రి హైదరాబాద్‌లో కారు ఆపి పోలీసులు నోటి ముందు పెట్టి ఊదమనేది. అందులో ప్లాటినం పలక మీద సారాయి ఆవిరి ఆక్సీకరణం చెంది కరెంటు పుడుతుంది. దాన్నిబట్టి లెక్క. అది అంత నమ్మకంగా పనిచేయడానికి కారణం, తాగినవాడి ఊపిరిలో వెతకవలసింది ఒకే పదార్థం, అదీ బోలెడంత. జబ్బు సంగతి అలా కాదు. 1971లో లైనస్ పాలింగ్ మనిషి ఊపిరిలో దాదాపు 250 పదార్థాలను లెక్కగట్టి చూపించాడు. అందులో జబ్బుకు సంబంధించినవి ఏ కొద్దివో. అవి కూడా గాల్లో కోట్ల భాగాల్లో ఒకటో రెండో. పొద్దున తిన్న ఉల్లిపాయ, రాసుకున్న పౌడరు, బట్టల సబ్బు, గదిలో తేమ, అన్నీ వాటి మీద కూర్చుని ఉంటాయి.

పార్కిన్సన్స్ వాసన ఇంకా పెంకిది. ఐకోసేన్ మరిగేది 343 డిగ్రీల దగ్గర. అంటే మామూలు గదిలో గాల్లోకి లేచేది లవలేశమే. ఆ లవలేశం పెర్త్ హాల్లో కోట్ల దగ్గర ఒక మనిషి ముక్కుకు తగిలిందంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే. యంత్రానికైతే దూది గుడ్డను వేడిచేసి మరీ తినిపించాలి.

ఆ పని చైనాలో జెజియాంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు చేశారు. 2022లో ప్రకటించిన వాళ్ల యంత్రంలో ముందు ఒక గొట్టం అణువులను వేరు చేస్తుంది. చివర క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. స్ఫటికం పైన శబ్ద తరంగం ఒకటి నిరంతరం పాకుతూ ఉంటుంది. గాల్లోంచి వచ్చిన అణువులు దాని మీద వాలితే బరువు మారుతుంది, తరంగం వేగం తగ్గుతుంది. ఆ తగ్గుదలను బట్టి ఏం వాలిందో ఎంత వాలిందో తెలుస్తుంది. 31 మంది రోగుల, 32 మంది ఆరోగ్యవంతుల జిడ్డు తుడిచి దీనికి చూపించారు. వాళ్లకు తేడా కనిపించింది మూడింట్లో: ఆక్టనాల్, హెక్సిల్ ఎసిటేట్, పెరిల్లిక్ ఆల్డిహైడ్. చివరిది మాంచెస్టర్ జాబితాలోనూ ఉంది. రెండు దేశాల్లో, రెండు వేరే యంత్రాలతో, ఒకరి చేతికి చిక్కిన పేరు ఇంకొకరి చేతికీ చిక్కడం చిన్న విషయం కాదు.

ఫలితం చూడండి. రోగుల్లో నూటికి దాదాపు 92 మందిని పట్టింది. వినడానికి బ్రహ్మాండం. ఆరోగ్యవంతులను ఆరోగ్యవంతులని చెప్పడంలో మాత్రం నూటికి 50. అంటే బొమ్మా బొరుసా వేసినట్టే. మొత్తం మీద 70.8 శాతం. అణువుల్ని మూడింటికి పరిమితం చేయకుండా గొట్టంలోంచి వచ్చిన గీత మొత్తాన్నీ కంప్యూటర్‌కు నేర్పిస్తే అది 79.2కి పెరిగింది.

ఈ అంకెల్ని ఊళ్లోకి తెచ్చి చూస్తే తేడా తెలుస్తుంది. వెయ్యి మంది పెద్దవాళ్లున్నారు, వాళ్లలో పదిమందికి జబ్బు ఉందనుకుందాం. అలాంటి యంత్రం ఆ పదిమందిలో తొమ్మిది మందిని పట్టేస్తుంది. వాళ్లతో పాటు ఏమీ లేని 495 మందికి కూడా మీకు పార్కిన్సన్స్ ఉందని చీటీ ఇస్తుంది. ఆ చీటీ పట్టుకుని 495 ఇళ్లలో జరిగే ఏడుపులకు యంత్రం జవాబుదారీ కాదు. సెన్సార్ వచ్చేసింది, ఇక ఊదితే చాలు జబ్బు బయటపడుతుంది అని పేపర్లలో రెండు నెలలకోసారి వచ్చే వార్తలు చదివేటప్పుడు నేను వెతికేది ఈ రెండో అంకె కోసమే. చాలాసార్లు అది వార్తలో ఉండదు.

ఊపిరి పరీక్ష ఆసుపత్రిలో నిలబడ్డ చోట్లు లేకపోలేదు. ఉబ్బసం ఉన్నవాళ్ల ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్‌ను కొలుస్తారు. కడుపులో పుండుకు కారణమయ్యే హెలికోబాక్టర్ క్రిమి ఉందో లేదో తేల్చడానికి గుర్తుపెట్టిన కార్బన్ ఉన్న యూరియా తాగించి ఊదమంటారు. క్రిమి ఉంటే దాన్ని విరిచేస్తుంది, గుర్తున్న కార్బన్ ఊపిరిలో బయటికొస్తుంది. రెండూ నెగ్గిన కారణం ఒకటే. ఏం వెతకాలో ముందే తెలుసు. కోవిడ్ సమయంలో అమెరికాలో 2022 ఏప్రిల్‌లో ఊపిరిలోని అయిదు రసాయనాలను పట్టి చెప్పే యంత్రానికి అత్యవసర అనుమతి ఇచ్చారు. అది సూట్‌కేసంత ఉంటుంది. పార్కిన్సన్స్‌లో మాత్రం ఏం వెతకాలో చెప్పడానికి ఒక నర్సు గరాటు దగ్గర ముక్కు పెట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

మధ్యలో కుక్కలు కూడా రంగంలోకి దిగాయి. బ్రిటన్‌లో బంపర్ అనే గోల్డెన్ రిట్రీవర్‌కూ పీనట్ అనే నల్ల లాబ్రడార్‌కూ ఇలాంటి జిడ్డు గుడ్డలతోనే శిక్షణ ఇచ్చారు. 2025లో ఫలితాలొచ్చాయి. రోగుల్లో నూటికి 80 మంది దాకా పట్టాయి. జబ్బు లేనివాళ్లను లేదని చెప్పడంలో 98 శాతం దాకా వెళ్లాయి. ఆ రెండో అంకెలో యంత్రం ఇంకా కుక్క దరిదాపుల్లో లేదు.

మందుతో నయం కాని జబ్బును పన్నెండేళ్లు ముందు తెలుసుకుని ఏం చేసుకోవాలి అని అడిగేవాళ్లున్నారు. నేనూ అడిగేవాణ్ని. శాస్త్రవేత్తల జవాబు ఒకటి: కణాలను కాపాడే మందు ఎప్పుడైనా వస్తే, కణాలు ఇంకా మిగిలి ఉన్న మనిషికి ఇస్తేనే అది పనిచేస్తుంది. ఆ మనిషిని ముందు కనిపెట్టాలి కదా. జాయ్ జవాబు వేరు. ముందే తెలిసి ఉంటే కుటుంబంతో ఇంకా ఎక్కువ గడిపేవాళ్లం, ఊళ్లు తిరిగేవాళ్లం, అతని చిరాకూ దిగులూ అతనివి కావు, జబ్బువని నాకు అర్థమయ్యేది అంటుంది. మాకిల్స్‌ఫీల్డ్ ఇంట్లో జరిగిన గొడవల్లో ఎన్ని జరగకుండా పోయేవో లెక్కగట్టే సెన్సార్ ఎక్కడా లేదు.

ఆమె ముక్కు ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. సూపర్‌మార్కెట్‌లో, వీధిలో, పక్క నుంచి వెళ్లే ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర అప్పుడప్పుడు ఆ వాసన తగులుతుందట. చెప్పకూడదు. వైద్య నీతి తెలిసినవాళ్లు అలా చెప్పడం తగదన్నారు, నర్సుగా పనిచేసిన ఆమెకు అది తెలియనిదీ కాదు. ఒకవేళ చెప్పినా, పార్కిన్సన్స్‌ను వాసన పట్టే ఆవిడ నాకు జబ్బుందని చెప్పింది అంటూ వచ్చిన మనిషిని ఏ డాక్టరు పట్టించుకుంటాడు అంటుంది జాయ్. డాక్టరు పట్టించుకోవాలంటే ఒక చిన్న యంత్రం, నమ్మదగ్గ రెండు అంకెలు కావాలి. మొదటి అంకె దాదాపు వచ్చింది.